పొలంలోని రైతు, పత్రంలోని రైతు: అసమానతలపై సామాజిక అధ్యయనాలు, పిడుగురాళ్ల ప్రాంత వ్యవసాయ విస్తరణ

ఉపోద్ఘాతం

2021 వానాకాలంలో ఉమ్మడి గుంటూరు జిల్లా మిరప తోటలను నల్ల తామర పురుగు ముట్టడించింది. త్రిప్స్ పార్విస్పైనస్ అనే శాస్త్రీయ నామం గల ఈ పురుగు పూలలో చేరి రసం పీల్చడం వల్ల, పైకి పచ్చగా కనిపించిన తోటలలో సైతం పూత రాలి కాపు నిలువలేదు. నీలిరంగు జిగురు అట్టలు అమర్చుకోవాలని, కలుపు తీయాలని, చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలు వేసుకోవాలని, మందులను విచక్షణతో వాడాలని శాస్త్రవేత్తలు సూచించారు. పురుగు అందరి తోటలకూ ఒక్కటే. సూచన కూడా అందరికీ ఒక్కటే. నష్టం మాత్రం అందరికీ ఒకే తీరుగా పడలేదు.

విస్తరణ విభాగాలలో పనిచేసేవారు తరచుగా వేసుకునే ప్రశ్న ఒకటున్నది: ‘మేలైన సిఫారసును రైతు ఎందుకు స్వీకరించలేదు?’ దీనికి సమాధానాన్ని రైతు చదువులోనో, వయసులోనో, దృక్పథంలోనో వెదకడం మనకు అలవాటు. గ్రామీణ అసమానతలను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్తలు అంతకు ముందే మరొక ప్రశ్న అడుగుతారు: ‘ఇక్కడ రైతు అంటే ఎవరు?’ పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ రెండవ ప్రశ్న ప్రాధాన్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక ఎకరం, మూడు కుటుంబాలు

మొదట ఒక ఊహాత్మకమైన లెక్కను చూద్దాం. ఇందులోని అంకెలు విషయాన్ని స్పష్టం చేయడానికి మాత్రమే ఎంచుకొన్నవి. ఎకరం మిరప తోటలో మామూలు సంవత్సరంలో 20 క్వింటాళ్ల దిగుబడి వచ్చిందని, క్వింటాలు 12,000 రూపాయలకు అమ్ముడుపోయిందని అనుకుందాం. రాబడి 2,40,000 రూపాయలు. కౌలు మినహా సాగు ఖర్చు 1,50,000 రూపాయలు, కౌలు 40,000 రూపాయలు. సొంత భూమి గల రైతుకు మిగిలేది 90,000 రూపాయలు. అదే పొలాన్ని కౌలుకు చేసిన రైతుకు మిగిలేది 50,000 రూపాయలు.

పురుగు సోకి దిగుబడి సగానికి పడిపోయింది. రాబడి 1,20,000 రూపాయలైంది. కాయ తగ్గినందువల్ల కోత కూలి ఖర్చు కొంత తగ్గినా, సరిగ్గా ఆ మేరకు మందుల ఖర్చు పెరిగిందనుకుందాం. అప్పుడు సొంత రైతు నష్టం 30,000 రూపాయలు. కౌలు రైతు నష్టం 70,000 రూపాయలు. భూమి యజమానికి రావలసిన 40,000 రూపాయలలో తరుగు లేదు. దిగుబడిలో వాటా గాక నిర్ణీత మొత్తంగా కౌలు చెల్లించే పద్ధతిలో పంట గండమంతా సాగుచేసిన వ్యక్తిపైనే పడుతుంది.

ఈ లెక్కలో మూడవ కుటుంబం ఒకటున్నది. కోత కూలిలో తగ్గిన మొత్తం పురుగుమందుల దుకాణానికి చేరింది. రైతు ఖాతా పుస్తకంలో ఆ మార్పు ఎక్కడా నష్టంగా కనిపించదు. కాయ కోసే స్త్రీకి మాత్రం అది కోల్పోయిన పనిదినాలతో సమానం. పంట నష్టం అంచనాకు వచ్చే అధికారి సాధారణంగా దిగుబడి తగ్గుదలను నమోదు చేస్తారు. ఆ తగ్గుదల మూడు కుటుంబాలపై ఎట్లా పంపిణీ అయిందన్నది ఆ నమోదులోకి రాదు. అసమానతను అధ్యయనం చేసే సామాజిక శాస్త్రవేత్త పని అక్కడ మొదలవుతుంది.

పిడుగురాళ్ల: నీరు, నేల, రాయి

నాగార్జునసాగర్ నిర్మాణానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది; 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. మెట్ట పంటల సీమగా పేరొందిన పల్నాడులో కుడి కాలువ రాకతో సాగు స్వరూపం మారింది. నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప విస్తరించాయి. వీటికి పెట్టుబడి ఎక్కువ, ధరల ఊగిసలాట ఎక్కువ, కూలీల అవసరమూ ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ వ్యవసాయ స్వభావం మొత్తం కొత్త జిల్లాకు సంక్రమించింది.

పిడుగురాళ్లకు మరొక ప్రత్యేకత ఉన్నది. ఇక్కడి సున్నపురాయి నిల్వలపై ఆధారపడి వెలసిన సున్నపు బట్టీలు ఈ పట్టణానికి గుర్తింపు తెచ్చాయి. రాయి కొట్టడం, బట్టీకి ఎక్కించడం, సున్నం దింపడం, లారీలకు ఎత్తడం వంటి పనులు పొలం పనికి ప్రత్యామ్నాయంగా నిలిచాయి. అందువల్ల ఈ ప్రాంతంలో ఒక కూలి కుటుంబం జీవనాన్ని పొలం ఒక్కదానితోనే అర్థం చేసుకోలేము. కాలువ నీరు ఎవరి పొలానికి ముందు అందుతుంది, చివరి ఆయకట్టుకు ఎప్పుడు చేరుతుంది, బట్టీలో పని దొరికేది ఎవరికి, కోతల కాలంలో ఊరిలో మిగిలేది ఎవరు అనే ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ముడివడి ఉన్నాయి.

తెలుగు గ్రామాలు సామాజిక శాస్త్రానికి నేర్పినవి

ఇటువంటి ప్రశ్నలకు తెలుగు నేలపై దీర్ఘకాలిక అధ్యయన సంప్రదాయం ఉన్నది. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన ‘ఇండియన్ విలేజ్’ స్వాతంత్ర్యానంతర గ్రామ అధ్యయనాలలో తొలితరానికి చెందినది. అదే దశకంలో ఎం.ఎన్. శ్రీనివాస్ కర్ణాటకలోని రాంపుర అనుభవం నుండి ‘ఆధిపత్య కులం’ అనే భావనను ప్రతిపాదించారు. సంఖ్యాబలం, భూమి, స్థానిక అధికారం ఒకే సమూహం చేతిలో కలిసినప్పుడు, ప్రభుత్వం పంపిన అవకాశాలు గ్రామంలో ఏ దారిన ప్రవహిస్తాయో ఆ భావన వివరించింది.

1975లో ఇక్రిశాట్ ప్రారంభించిన గ్రామస్థాయి అధ్యయనాలు మరొక మలుపు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి వాటిలో ఒకటి. పరిశోధకులు గ్రామంలోనే నివసిస్తూ అవే కుటుంబాల ఆదాయ వ్యయాలను ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఆ వివరాలను ఆధారం చేసుకొని ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఒక ప్రసిద్ధ పత్రం వెలువరించారు. కరువు కాటకాలలో గ్రామస్థులు అప్పులు, బదుళ్లు, పరస్పర సహాయాల ద్వారా ఒకరినొకరు గణనీయంగా ఆదుకొంటారని, అయితే భూమి లేని కుటుంబాలకు ఆ రక్షణ తక్కువగా అందుతుందని ఆ విశ్లేషణ చూపింది. ‘ఊరంతా ఒక్కటి’ అనే నానుడి వెనుక ఉన్న అంతస్తులు ఈ విధంగా లెక్కలకు చిక్కాయి.

గుంటూరు డెల్టాలోని అనంతవరం కథ మనకు ఇంకా దగ్గరిది. 1974లో పుచ్చలపల్లి సుందరయ్య ఆధ్వర్యంలో భూసమస్యపై సర్వే జరిగిన గ్రామాలలో అదొకటి. మూడు దశాబ్దాల అనంతరం, 2005–06లో, వి.కె. రామచంద్రన్, వికాస్ రావల్, మధుర స్వామినాథన్ బృందం అనంతవరాన్ని, కరీంనగర్ జిల్లా కొత్తపల్లిని, అనంతపురం జిల్లా బుక్కచెర్లను సర్వే చేసింది. 2010లో గ్రంథరూపంలో వచ్చిన ఆ సర్వే భూమి పంపిణీలోని తీవ్ర వ్యత్యాసాన్ని, కౌలు రైతు రాబడిని హరించే కౌలు భారాన్ని ఇంటింటి లెక్కలతో నమోదు చేసింది. సాగునీరు పుష్కలంగా ఉన్న చోట కూడా సేద్యపు ఫలం సమానంగా పంపిణీ కాదన్నది అనంతవరం మనకు నేర్పే పాఠం. సాగర్ కాలువ చూసిన పల్నాడుకు ఈ పాఠం అవసరమైనది.

కౌలు రైతు నిరాకరణలోని తర్కం

2018–19 వ్యవసాయ సంవత్సరానికి సంబంధించిన జాతీయ నమూనా సర్వే 77వ ఆవృత్తం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం వ్యవసాయ కుటుంబాలు రుణగ్రస్తమైనవి. దేశం మొత్తానికి ఇది 50.2 శాతం. కౌలు విస్తృతిలోనూ మన రాష్ట్రం దేశంలో అగ్రస్థానంలో నిలిచింది. ఈ రెండు అంశాలను విడివిడిగా చదవడం సరికాదు.

కౌలుదారుల రక్షణకు చట్టాలు లేకపోలేదు. 1956 నాటి ఆంధ్ర కౌల్దారీ చట్టం, రుణ అర్హత కార్డులకు అవకాశమిచ్చిన 2011 చట్టం, సాగుదారు హక్కు పత్రాన్ని ప్రవేశపెట్టిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం వరుసగా వచ్చాయి. 2019 చట్టం కింద 11 నెలల కాలానికి, యజమాని అంగీకారంతో పత్రం ఇస్తారు. కాగితంపై సంతకం చేస్తే భూమిపై హక్కు కదులుతుందేమోనన్న భయం యజమానిలో ఉన్నంత కాలం, నోటిమాట కౌలే కొనసాగుతుంది. సంతకం అడిగితే మరుసటి ఏడు పొలం దక్కదేమోనన్న సంకోచం కౌలుదారులో ఉంటుంది. ఫలితంగా బ్యాంకు రుణం, పంట నష్ట పరిహారం పత్రంలోని రైతును వెదుక్కొంటూ వెళ్తాయి. పొలంలోని రైతు వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్తాడు. 2019లో ప్రారంభమైన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి సైతం భూ యాజమాన్యం ఆధారంగానే ఏడాదికి 6,000 రూపాయలు అందిస్తున్నది.

విస్తరణ శాస్త్రవేత్తకు ఇందులో సూటిగా సంబంధించిన విషయం ఒకటున్నది. పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్నండి, పశువుల ఎరువు తోలండి, చెరువు మట్టి వేయండి అని మనం చెబుతాము. ఈ పెట్టుబడుల ఫలం రెండు మూడేళ్లు నిలిచి ఉంటుంది. వచ్చే ఏడు ఆ చెక్క తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు ఇతరుల భూమికి సారం ఎందుకు పోస్తాడు? పైగా భూమి బాగుపడితే కౌలు పెరగవచ్చు. అతడు ఆ సిఫారసును పక్కన పెడితే దానిని అవగాహనా లోపంగా నమోదు చేయడం పొరపాటు. అతని స్థితిలో అది లెక్క తెలిసిన నిర్ణయం. అదే విధంగా, గరిష్ఠ దిగుబడినిచ్చే రకం కంటే చెడ్డ ఏట కూడా పెట్టుబడికి లోటు రానివ్వని రకం కౌలు రైతుకు అధిక ప్రయోజనకరం కావచ్చు. సగటు దిగుబడిని మాత్రమే ప్రకటించే పరిశోధనా ఫలితం అతని ప్రశ్నకు జవాబివ్వదు.

విజ్ఞానం ఎవరి ద్వారా, ఎవరి వరకు?

విస్తరణ విద్యార్థులందరికీ ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రతిపాదించిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతం పరిచితమే. తొలి స్వీకర్తల నుండి వెనుకబడిన స్వీకర్తల వరకు గల వర్గీకరణ మన పరిశోధనా పత్రాలలో నిత్యం దర్శనమిస్తుంది. కొత్త పద్ధతి వ్యాపించే క్రమంలోనే సంపన్న, నిరుపేద వర్గాల మధ్య అంతరం పెరిగే ప్రమాదం ఉన్నదని రోజర్స్ తదనంతర కూర్పులలో స్వయంగా చర్చించారు. ఆ అధ్యాయాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. భూమి, నీరు, రుణం గల రైతు ముందుగా స్వీకరిస్తాడు. అధిక ధరల కాలంలో లాభపడతాడు. ఇతరులు అందుకొనే నాటికి సరుకు పెరిగి ధర తగ్గుతుంది. విల్లార్డ్ కొక్రేన్ 1958లోనే దీనిని ఆగకుండా తిరిగే నడక యంత్రంతో పోల్చారు.

మానవ శాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ జిల్లా పత్తి రైతులపై చేసిన పరిశోధన 2007లో ‘కరెంట్ ఆంత్రపాలజీ’ పత్రికలో వెలువడింది. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క ఏడు ఒకే విత్తన రకం వైపు రైతులు మూకుమ్మడిగా మొగ్గు చూపడాన్ని, మరుసటి ఏడు మరొక రకానికి మళ్లడాన్ని ఆయన గమనించారు. ఆ ఎంపికకు నేల లక్షణాలలోనో, దిగుబడిలోనో తగిన కారణం కనిపించలేదు. మార్కెట్‌లో రకాలు వేగంగా మారుతున్నందున సొంత పొలంలో పరీక్షించి తెలుసుకొనే అవకాశం రైతుకు సన్నగిల్లి, పొరుగువారిని చూసి అనుసరించడమే మిగిలిందని, ఇది సేద్యపు నైపుణ్యం క్షీణించడమేనని ఆయన వాదించారు.

పల్నాడు రైతుకు ఇది కొత్త కథ కాదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ నాశనం చేసినప్పుడు, మందు మీద మందు కొట్టి అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకొన్న విషాదాన్ని ఈ ప్రాంతం చూసింది. నల్ల తామర కాలంలోనూ మందు మీద మందు అనే ఆతురతే ముందుకు వచ్చింది. అప్పు మీద మందు ఇచ్చే దుకాణదారుడే సలహాదారు కూడా అయినచోట, మందు వద్దనే సలహా రైతుకు చేరడం కష్టం. విస్తరణ సిబ్బంది ఉచితంగా ఇచ్చే సలహా కంటే, అరువుతో కలిపి వచ్చే సలహాకు బలమెక్కువ. ఇది రుణ సంబంధం సృష్టించిన విజ్ఞాన సంబంధం.

కాయ కోసే చేతులు

మిరప కోతల కాలంలో కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుండి కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు తరలివస్తాయి. అక్కడివారు ఈ వలసను ‘సుగ్గి’ అంటారు. తోటల పక్కన గుడిసెలు, మేస్త్రి ద్వారా కుదిరిన కూలి, మధ్యలోనే ఆగిపోయిన పిల్లల చదువు ఈ వలసలో భాగాలు. గుంటూరు మిరప యార్డుకు చేరే ప్రతి టిక్కీలో వీరి శ్రమ ఉన్నా, స్థానిక విస్తరణ ప్రణాళికలలో వీరు ఎక్కడా లబ్ధిదారులుగా కనిపించరు. మందు కొట్టిన తోటలో ఎన్ని రోజులకు కోతకు దిగాలన్న జాగ్రత్త తోట యజమానికి చెబుతాము. ఆ తోటలో దిగేది వేరొకరు.

లూసియా డా కోర్టా, దావులూరి వెంకటేశ్వర్లు 1999లో ‘జర్నల్ ఆఫ్ పెజంట్ స్టడీస్’లో ప్రచురించిన అధ్యయనం 1970–95 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కూలి పని స్త్రీల పరమైన తీరును విశ్లేషించింది. పురుషులు మెరుగైన వేతనం గల ఇతర పనులకు, సొంత చిన్న సేద్యానికి తరలగా, తక్కువ కూలీతో, అప్పుతో ముడిపడిన పొలం పనుల భారం స్త్రీలపై పడిందని వారు చూపారు. సున్నపు బట్టీలు, రవాణా పనులు ఉన్న పిడుగురాళ్ల ప్రాంతానికి ఈ విశ్లేషణ ఎంతవరకు వర్తిస్తుందన్నది మన స్నాతకోత్తర విద్యార్థులు చేపట్టదగిన చక్కని పరిశోధనాంశం. కలుపు మందు సిఫారసు చేసినప్పుడు ‘కూలి ఖర్చు ఆదా’ అని మనం రాసే పంక్తి, మరొక ఇంటిలో ‘పని నష్టం’గా నమోదవుతుందన్న ఎరుక ఆ పరిశోధనకు ప్రాతిపదిక కాగలదు.

ఎవరు ఎక్కడ కూర్చుంటారు?

సామాజిక జీవితం అనే మాట పల్నాడులో పుస్తకాల నుండి రానవసరం లేదు. పిడుగురాళ్ల ప్రాంతానికి పొరుగునే ఉన్న కారంపూడిలో నేటికీ వీరుల ఉత్సవాలు జరుగుతున్నాయి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ గాథలో బ్రహ్మనాయుడు కులభేదాలు విడిచి అందరినీ ఒకే పంక్తిన కూర్చుండబెట్టిన ‘చాపకూడు’ ఆ ఉత్సవాలలో స్మరణీయ ఘట్టం. ఎవరి పక్కన ఎవరు కూర్చోగలరన్నది అధికారానికి సంబంధించిన ప్రశ్నేనని ఈ సీమ ప్రజలు ఎనిమిది శతాబ్దాలుగా గుర్తుంచుకొన్నారు.

రైతు సమావేశాన్ని ఏ అరుగు మీద, ఎవరి ఇంటి ముందు, ఏ వేళలో ఏర్పాటు చేస్తున్నామన్నది కూడా అటువంటి ప్రశ్నే. ఊరి నడుమ పెద్ద రైతు ఇంటి ముందు పగటి పూట జరిగే సమావేశానికి దళితవాడ నుండి, తండా నుండి వచ్చేవారెందరు? వచ్చినా ముందు వరుసలో కూర్చొని ప్రశ్న అడిగేవారెందరు? కూలి మానుకొని రాగల స్త్రీలెందరు? ప్రదర్శన క్షేత్రం ఎప్పుడూ రోడ్డు పక్కన, బోరు ఉన్న, సొంత భూమి గల అభ్యుదయ రైతు పొలంలోనే ఉంటే, ఆ క్షేత్రం చూపించేది అతని వనరుల ఫలితాన్ని కూడా.

ఆచరణకు అయిదు ప్రశ్నలు

సామాజిక శాస్త్రం లోపాలు చూపుతుందే గాని పరిష్కారం చెప్పదని ఒక ఆక్షేపణ ఉన్నది. ఒకే ఉద్యోగి అనేక గ్రామాలు చూడవలసిన పరిస్థితిలో, చొరవ గల రైతుతో పని మొదలుపెట్టడం సులభమన్నదీ కాదనలేని వాస్తవం. భూసంబంధాలను మార్చడం విస్తరణ అధికారి చేతిలో లేదు. అయినా ఏ సిఫారసు ఎవరికి పనికివస్తుందో తెలుసుకోవడం అతని చేతిలోనే ఉన్నది. ఇందుకు ప్రతి గ్రామ సందర్శనలో ఈ క్రింది ప్రశ్నలు అడగవచ్చు.

1. ఈ పొలాన్ని వాస్తవంగా సాగు చేస్తున్నది ఎవరు? కౌలు ఎంత, ఏ రూపంలో, ఎప్పుడు చెల్లించాలి?

2. పెట్టుబడి ఎక్కడి నుండి వచ్చింది? అప్పిచ్చిన వారికే పంట అమ్మాలన్న నిబంధన ఉన్నదా?

3. ఈ సిఫారసు వలన ఎవరి పని పెరుగుతుంది, ఎవరి పనిదినాలు తగ్గుతాయి?

4. నేటి సమావేశానికి రానివారు ఎవరు? ఎందువల్ల రాలేకపోయారు?

5. సిఫారసు విఫలమైతే నష్టం ఎవరు భరిస్తారు?

పరిశోధనా పత్రాలలోనూ చిన్న మార్పు అవసరం. స్వీకరణ స్థాయిని వయసు, విద్య, అనుభవం వారీగా పట్టికలు వేసే మనం, సొంత సేద్యం, కౌలు, మిశ్రమ సాగు అనే విభజనను కూడా తప్పనిసరి చేయాలి. సగటుతో పాటు వ్యత్యాసాన్ని ప్రకటించాలి. ప్రదర్శన క్షేత్రాలలో కొన్నింటిని కౌలు పొలాలలో, కాలువ చివరి భూములలో నిర్వహించాలి. కోత కూలీలకు మందుల భద్రతపై వారి గుడిసెల వద్దనే, సాయంకాలం వేళ శిక్షణ ఇవ్వాలి.

ముగింపు

నల్ల తామర వంటి మరొక పురుగు రేపు రావచ్చు. దానిని గుర్తించడానికి, నివారించడానికి మన ప్రయోగశాలలు సిద్ధంగా ఉన్నాయి. అది వచ్చిన ఏడు ఆ ఎకరం మీద ఆధారపడిన మూడు కుటుంబాలలో ఎవరు నిలదొక్కుకొంటారు, ఎవరు ఊరు విడుస్తారు అన్నది మాత్రం పురుగు నిర్ణయించదు. భూమి పత్రం, అప్పు నోటు, కూలి ఒప్పందం నిర్ణయిస్తాయి. పొలం గట్టున నిలిచి ఆకు తిప్పి చూసే విస్తరణ శాస్త్రవేత్త, ఆ పొలం దున్నేవారి కౌలు సంగతిని, ఆ కాయ కోసేవారి కూలి సంగతిని కూడా అడిగి తన పుస్తకంలో రాసుకొన్న నాడు, మన సిఫారసు చేరవలసిన ఇంటికి చేరుతుంది.